మరక అని రాసిచ్చిన పన్ను

కొత్తగా పళ్ళ డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాసేపు కూర్చున్నాక అందరూ ఒకటే అడుగుతారు: "మేడం, పంటి వేరు నింపడానికి ఏ పద్ధతి మంచిది?" నేను చాయ పోసి చేతికిచ్చి, "నువ్వు నింపిన పన్నును ఎన్నడన్న చీల్చి చూసినవా బిడ్డా?" అంటాను. చూడలేదంటారు. మరి ఎట్ల నిండిందో నీకెట్ల ఎరుక అంటే ఫోను తీసి ఎక్స్‌రే చూపిస్తారు. వేరంతా తెల్లగా, నిండుగా, ముచ్చటగా ఉంటుంది. సరిగ్గా అక్కడే నాకు అనుమానం మొదలవుతుంది.

అనుమానం పెనుభూతమని లోకం మాట. సంసారంలో అది నిజమే కావచ్చు. మా పనిలో మాత్రం అనుమానం లేని డాక్టరే పెనుభూతం. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, ఒక పన్ను దగ్గర చెంపదెబ్బ తిని చెబుతున్నాను.

మాది ఆత్మకూర్ దగ్గర పల్లె. బాపు కూలికి పోయి చదివించాడు. నేను డాక్టరునై ఇంటికి వెళితే మా అవ్వ కదిలే పన్నును దారంతో తనే లాక్కుంది గానీ నా చేతికి ఇవ్వలేదు. "పండ్లు పీకుడు మొగోల్ల పని బిడ్డా, నీకు బలమేడిది?" అంది. అట్లా నన్ను అనుమానించేవాళ్ళ నడుమే పెరిగాను. తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు సర్కారు దవాఖానాల్లో చేశాను, అందులో ఎక్కువ కాలం నల్లగొండ జిల్లాలోనే. ఏ ఊరి దవాఖానో రాయను. పేరు రాస్తే మనుషుల్ని గుర్తుపట్టి పంచాయితీ పెడతారు. ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ కూడా రాయను. అవి చదివి బాగుపడ్డవాళ్ళను నేను చూడలేదు.

మా నీళ్ళు, మా పళ్ళు

తెలంగాణ రాష్ట్రం వచ్చేదాకా మా విభాగంలో పనంటే పీకుడే. నొప్పి అంటే పీకు, కదిలితే పీకు, పుచ్చితే పీకు. రాష్ట్రం వచ్చిన కొత్తలో మంచి కుర్చీ ఒకటి, ఎక్స్‌రే మిషను ఒకటి ఇచ్చారు. అప్పటి నుంచి పన్నును కాపాడే పని మొదలుపెట్టాం. పంటి లోపల సన్నటి దారి ఉంటుంది, అందులో నరం, రక్తం ఉంటాయి. అది చెడితే తీసేసి, దారిని కడిగి, మళ్ళీ క్రిములు చేరకుండా కొసదాకా నింపాలి. జనం దీన్ని రూట్ కెనాల్ అంటారు. నింపడానికి వాడేది గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థం. సన్నని పుల్లల్లా వస్తుంది. పుల్లకూ పంటి గోడకూ మధ్య సందు మూయడానికి కాస్త ముద్ద మందు పూస్తాం.

మా వైపు పళ్ళ సంగతి వేరే చెప్పాలి. బోరునీళ్ళ ఫ్లోరైడ్ వల్ల రెండు మూడు తరాల పళ్ళు గోధుమ రంగు చారలతోనే వచ్చాయి. బయటి నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు మొదటి వారం ప్రతి నోరూ చూసి బెంబేలెత్తుతాడు. ఆరు నెలలయ్యేసరికి చూడటం మానేస్తాడు. నేను కూడా చూడటం మానేసినదాన్నే. పంటి మీద ఏ రంగు కనిపించినా నా నోటికి ఒకటే మాట వచ్చేది, ఫ్లోరైడ్. ఇది మా జిల్లా డాక్టర్లు మాత్రమే చేయగల తప్పు. తెల్లటి పళ్ళ ఊళ్ళో పనిచేసే డాక్టరుకు ఇది చేద్దామన్నా చేతకాదు.

సత్తయ్య అట్లాంటి రోజుల్లోనే ఒక సోమవారం వచ్చాడు. మునుగోడు వైపు పల్లె. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో పుట్టినప్పటి నుంచి దవాఖానాలు ఇచ్చిన కాగితాలన్నీ ఉన్నాయేమో అనిపించేంత లావు కట్ట. ఏ డాక్టరునూ నమ్మని మనిషి కాగితాన్ని మాత్రం నమ్ముతాడు. అతను కుర్చీలో కూర్చుని పై ముందరి పన్ను చూపించాడు.

"నొప్పేం లేదు డాక్టరమ్మా. గీ పంటి మీద మచ్చ లేచింది. జర సూడుండ్రి."

చూశాను. అందరికీ ఉన్న చారలే. చిగుళ్ళకు దగ్గరగా మాత్రం శనగగింజంత జాగాలో ఎర్రటి ఛాయ. "ఫ్లోరైడ్ మరక సత్తయ్యా. మీ ఊరోల్లందరికి ఉన్నదే గదా," అన్నాను.

"గా మరక నాకెరుకనే డాక్టరమ్మా, సిన్నప్పటి సంది సూస్తున్న. గది పైపైన ఉంటది. గిది లోపటికెల్లి ఎర్రగ కొడుతాంది."

"సల్లనీళ్ళు తాగితే జివ్వుమంటదా?"

"లేదు."

"మరింకేంది ఫికర్?"

"సన్నాయి ఊదేటోన్ని. పెండ్లిల్లల్ల, బరాత్‌లల్ల ఊదుత. గీ ముంగటి పండ్లు లేకపోతే సన్నాయి పీక పెదవి మీద నిలవది. నాకు గీ పన్నే ఎవుసం డాక్టరమ్మా."

అతని వెనక గుమ్మం దాకా లైను ఉంది. నేను ఓపీ చీటీ మీద రాశాను: "ఫ్లోరైడ్ మరక. మందు అవసరం లేదు." సంతకం పెట్టాను. అతను చీటీని నాలుగు మడతలు పెట్టి కవరులో దాచుకుని, గుమ్మం దగ్గర ఒకసారి ఆగి నన్ను చూసి వెళ్ళాడు. నమ్మని చూపు అది. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసు ఉన్న డాక్టరును ఒక సన్నాయాయన అనుమానిస్తాడా అనుకున్నాను.

లోపల కుండ

పదకొండు నెలలకు మళ్ళీ వచ్చాడు. ఎర్ర ఛాయ ఇప్పుడు శనగగింజంత కాదు, గోరంత ఉంది. ఊదేటప్పుడు పన్ను మీద బరువు పడితే లోపల ఏదో అదురుతున్నట్టు ఉందన్నాడు. ఈసారి ఎక్స్‌రే తీశాను. ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూశాను.

వేరు లోపలి దారి సన్నగా తిన్నగా ఉండాలి. సత్తయ్య పంటిలో ఆ దారి చిగుళ్ళ దగ్గర ఒక్కసారిగా ఉబ్బి చిన్న కుండలా ఉంది. దెబ్బ తగిలిన పంటిలో అరుదుగా ఇట్లా అవుతుంది. లోపలి కండ తిరగబడి తన సొంత పంటినే తినడం మొదలుపెడుతుంది. నొప్పి ఉండదు. గోడ పలుచనయ్యే కొద్దీ లోపలి రక్తం రంగు బయటికి తెలుస్తుంది. లోపటికెల్లి ఎర్రగ కొడుతాందని అతను చెప్పింది అక్షరాలా నిజం. నరం తీసేస్తే ఆ తినడం అక్కడితో ఆగుతుంది. పదకొండు నెలల కింద తీసి ఉంటే గోడ మందంగా ఉన్నప్పుడే ఆగేది.

"ఈ పంటికి ఎన్నడన్న దెబ్బ తాకిందా సత్తయ్యా?" అని అప్పుడు అడిగాను.

"తాకింది. రెండేండ్ల కింద బరాత్‌ల పొరగాండ్లు ఎగురుతాంటే ఒగని మోచెయ్యి సన్నాయికి తాకింది. సన్నాయి అచ్చి పంటికి గుద్దుకున్నది. నెత్తురొచ్చి బంద్ అయింది."

"మరి పోయినసారి వచ్చినప్పుడు చెప్పకపోతివి?"

"మీరు అడగకపోతిరి."

అతనే మళ్ళీ అన్నాడు: "పీకుతరా? పీకి కట్టుడు పన్ను పెడ్తమంటే మాత్రం వద్దు. మా బామ్మర్ది గట్లనే పెట్టిచ్చుకున్నడు. ఊదుతాంటే గాలి పక్కకు జారె. ఇప్పుడు డోలు కొడుతుండు. నాకు డోలు రాదు డాక్టరమ్మా. రెండు నెలలైతే మాఘమాసం, పెండ్లిల్లు మొదలైతయి."

పీకనని మాటిచ్చాను. ఇచ్చాక భయమేసింది. నా మాట మీద అప్పటికే అతనికి ఒక అనుభవం ఉంది.

పెద్దసారు చెయ్యి

మా విభాగానికి ఒక పెద్దసారు ఉండేవారు. హైదరాబాదు మనిషి, మంచి చదువు, అంతకన్నా మంచి చెయ్యి. అరగంటలో వేరు నింపి ఎక్స్‌రే తీసి గోడకు అంటించేవారు. ఆయన గది గోడ నిండా అవే. ఆయన పద్ధతి పాతది, చాలామందిదీ అదే: వేరులో ఒక పెద్ద రబ్బరు పుల్ల దించి, పక్కన సన్నని ఇనుప కొనతో ఒత్తి జాగా చేసి, ఇంకో పుల్ల, మళ్ళీ ఒత్తి ఇంకో పుల్ల. వేడి చేసేది లేదు, అన్నీ చల్లగానే. తిన్నటి వేరుకు ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది, నేనే వందల పళ్ళకు చేశాను, సిగ్గుపడను.

కుండ ఉన్న వేరు సంగతి వేరు. గట్టి పుల్ల కుండ మధ్యలో నుంచి తిన్నగా కిందికి పోతుంది, పక్కలకు ఎట్లా వంగుతుంది? నాకు ఈ అనుమానం ఊరికే రాలేదు. పెద్దసారు రెండేళ్ళ కింద ఒక బడిపంతులుకు ఇట్లాంటి పన్నే నింపారు. ఎక్స్‌రే గోడెక్కింది. తర్వాత ఆ పన్ను చీము పట్టి, ఆయన సెలవులో ఉన్నప్పుడు నేను పీకాల్సి వచ్చింది. పీకిన పన్ను పారేయకుండా విరిచి చూశాను. కుండలో సగం ఖాళీ. ఖాళీలో నల్లటి మడ్డి, కంపు. పైన పటారం లోన లొటారం అంటే అదే. ఆ సంగతి నేను పెద్దసారుకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే భయం. నా సర్వీసులో నేను సిగ్గుపడే మౌనాలు కొన్ని ఉన్నాయి, వాటిలో అదొకటి.

సత్తయ్య ఎక్స్‌రే చూసి పెద్దసారు, "అరగంట పని అమ్మా, శుక్రవారం నేను చేసేస్తాను," అన్నారు.

"సార్, పక్కలకు నిండుతదా?" అన్నాను.

"నా చేతి మీద నమ్మకం లేదా?"

ఇట్లాంటి ప్రశ్న అడిగే పెద్దలను కొత్తవాళ్ళు జాగ్రత్తగా గమనించాలి. అడిగింది పన్ను గురించి, జవాబు తన గురించి. "నమ్మకముంది సార్. ముందు సున్నం మందు పెట్టి మూడు వారాలు చూద్దాం," అని తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు. కుండ లోపల మూలమూలనా కండ ముక్కలు ఉంటాయి, పనిముట్టు అందదు. పదే పదే కడగాలి, సున్నం లాంటి ముద్ద మందు పెట్టి మూసి ఆ ముక్కలను కరగనివ్వాలి. చాలామంది నింపే తొందరలో కడగడం మరుస్తారు. ఇల్లలకగానే పండుగ కాదు గానీ, ఇల్లు అలకకుండా పండుగ అసలే కాదు.

పన్ను తెరిచిన రోజు నెత్తురు ఆగకుండా వచ్చింది. సత్తయ్య చేయి కుర్చీ అంచును పట్టుకునే ఉంది. మందు పెట్టి మూసి, మూడు వారాల తర్వాత రమ్మన్నాను.

చీల్చి చూశాం

ఆ మూడు వారాల్లో నేనూ మా జూనియరు డాక్టర్ శిరీషా ఒక పని పెట్టుకున్నాం. శిరీష భువనగిరి పిల్ల, నాకన్నా ఎక్కువ చదివింది, నాకన్నా తక్కువ మాట్లాడేది. కదిలిపోయి పీకించుకున్నవాళ్ళను అడిగి ముందరి పళ్ళు పన్నెండు పోగుచేశాం. ఒక్కొక్క పన్నునూ పొడుగునా రెండుగా కోసి, రెండు సగాల్లోనూ ఒకేచోట గుండ్రటి గుంట తొలిచి, మళ్ళీ జిగురుతో అతికించాం. అతికిస్తే లోపల కుండ తయారు. సత్తయ్య పంటి లాంటివే పన్నెండు.

నాలుగు పళ్ళు పెద్దసారు పద్ధతిలో చల్లగా ఒత్తి నింపాం. నాలుగింటిలో ముద్ద మందు నిండా పోసి ఒకే ఒక పుల్ల దించాం. అది అప్పుడప్పుడే పేరుకు వస్తున్న పద్ధతి. మిగతా నాలుగింటిలో వేరు కొసదాకా పుల్ల దించి కుండ దగ్గర పై భాగం తెంపేసి, తర్వాత రబ్బరును వేడిచేసి మెత్తబడ్డాక ముక్క ముక్కగా కుండలోకి దట్టించాం. మా దగ్గర వేడిచేసే మిషను లేదు. స్పిరిట్ దీపం మీద ఇనుప కడ్డీ కాల్చి చేశాం. మొదటి పన్ను పాడయితే ఇంకోటి తయారుచేశాం, శిరీష వేలు కాలింది.

అన్నింటికీ ఎక్స్‌రే తీసి, వెనకాల గుర్తులు పెట్టి, పెద్దసారు బల్ల మీద పరిచాను. "సార్, వీటిలో బాగా నిండింది ఏదో చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూశారు. పన్నెండూ దాదాపు ఒక్క తీరుగానే తెల్లగా ఉన్నాయి. చివరికి ఒకటి తీసి, "ఇది. ఇంతకన్నా నిండటానికి వీల్లేదు," అన్నారు.

శిరీష ఆ పన్ను తెచ్చి జిగురు విప్పి, రెండు సగాలూ ఆయన ముందు పెట్టింది. అది చల్లగా ఒత్తినదే. పుల్లలు కుండ మధ్యలో స్తంభంలా నిలబడి ఉన్నాయి. చుట్టూ కొంత ముద్ద మందు, కొంత ఉత్త గాలి. ఎక్స్‌రే ముందు నుంచి తీస్తాం గదా, ముందూ వెనకా ఉన్న మందు నడిమి ఖాళీని కప్పేసింది. తెల్లనివన్నీ పాలు కావని మా అవ్వకు తెలుసు, మాకే తెలియలేదు.

మిగతావి కూడా విప్పాం. ఒకే పుల్లతో నింపిన వాటిలో కుండ నిండింది గానీ నిండింది ముద్ద మందుతో, అందులో అక్కడక్కడా బుడగలు. వేడిగా దట్టించిన వాటిలో రబ్బరు కుండ గోడలకు అచ్చు పోసినట్టు అతుక్కుంది. అట్లాగని దాన్ని ఆకాశానికెత్తను. రెండింటిలో కొస దాటి రబ్బరు బయటికి పొడుచుకొచ్చింది. బతికున్న మనిషిలో అయితే అది ఎముకలోకి పోయేది.

పెద్దసారు ఒక్కో సగాన్నీ తిప్పి చూశారు. తర్వాత, "ఇవి నోట్లో ఉన్న పళ్ళు కావమ్మా. నోట్లో తడి ఉంటుంది, రక్తం ఉంటుంది. బల్ల మీద ఎవరైనా చేస్తారు," అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, ఇప్పటికీ ఒప్పుకుంటాను. పన్నెండు పళ్ళతో లోకానికి తీర్పు చెప్పలేం. లేచి వెళుతూ ఆయన ఇంకో మాట అన్నారు: "ఆ బడిపంతులు పన్ను నువ్వే పీకావట గదా. లోపల ఎట్లా ఉంది?"

అప్పుడు చెప్పాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. మర్నాడు గోడ మీద ఒక ఎక్స్‌రే తక్కువుంది. అందుకే ఆయన్ను నేను మంచి డాక్టరనే అంటాను.

స్పిరిట్ దీపం

మూడు వారాలకు సత్తయ్య వచ్చాడు. బల్ల మీద మంట, కాలుతున్న కడ్డీ చూసి కుర్చీలోంచి సగం లేచాడు. "గిదేంది డాక్టరమ్మా? మొదాలు మరకన్నరు, తర్వాత పురుగు తిన్నట్టు తిన్నదన్నరు. ఇప్పుడు వాత పెడ్తరా?"

"సత్తయ్యా, మొదట నేను తప్పు చూసిన. నువ్వు సరిగనే చెప్పినవు, నేను ఇనలే. ఇప్పుడు ఏం చేస్తానో ముందుగాల చెప్త, నచ్చితేనే నోరు తెరువు," అన్నాను. చీల్చిన పళ్ళు తెచ్చి భూతద్దం చేతికిచ్చి చూపించాను. మూడు పద్ధతులూ చెప్పాను. ఏది ఎక్కడ మోసం చేస్తుందో కూడా చెప్పాను. రోగికి ఇవన్నీ ఎందుకని నవ్వే డాక్టర్లున్నారు. అతను నా పెద్దసారు కన్నా ఎక్కువసేపు చూశాడు.

చల్లగా ఒత్తిన పన్ను చూపిస్తూ, "గిది మా డోలు లెక్క ఉన్నది, లోపట ఉత్తదే," అన్నాడు. వేడిది చూపించి, "గిట్ల చెయ్యిండ్రి. కొస దాటనియ్యకుండ్రి," అన్నాడు.

గంటన్నర పట్టింది. చెమట కళ్ళలోకి కారింది, శిరీష తుడిచింది. కుండను నాలుగు దఫాలుగా దట్టించాను. కొస దాటలేదు. ఎక్స్‌రే తెల్లగా వచ్చింది. తెల్లగా రాకుండా ఎట్లా ఉంటుంది, అది ఎప్పుడూ తెల్లగానే వస్తుంది.

"ఊదచ్చునా?" అన్నాడు.

"ఊదు. కానీ గోడ పల్చగున్నది. దెబ్బ తాకనియ్యకు."

"ఎన్నేండ్లు ఉంటది?"

తెలియదన్నాను. ఆ జవాబుకు అతను మొదటిసారి నన్ను కొంచెం నమ్మినట్టు అనిపించింది. వెళుతూ వరండాలో ఆగి సంచిలోంచి సన్నాయి తీసి, రెండు నిమిషాలు ఊదాడు. పాట కోసం కాదు, పరీక్ష కోసం. లైనులో ఉన్నవాళ్ళు నోరు మూసుకుని విన్నారు. ముగించి నాలుకతో పన్నును తడుముకుని బస్సుకు పోయాడు.

మళ్ళీ చూడక్కర్లేదన్న మందు

తర్వాతి ఏళ్ళలో వేడిచేసే మిషన్లు వచ్చాయి, తుపాకీలాగా మెత్తటి రబ్బరును లోపలికి చిమ్మే పరికరాలు వచ్చాయి. పంటి గోడకు ఏకంగా రంధ్రం పడితే మూయడానికి సిమెంటు లాంటి మందులు వచ్చాయి. అక్కడ రబ్బరు పనికిరాదు, ఆ సిమెంటే దిక్కు. ఒకే పుల్లతో పని ముగించే కొత్త ముద్దలూ బాగా మెరుగుపడ్డాయంటున్నారు. నేను కాదనను. ఒక మందుల కంపెనీ అబ్బాయి అట్లాంటి డబ్బా ఒకటి నా ముందు పెట్టి, "మేడం, ఇది ఒక్కసారి పెడితే మళ్ళీ చూడక్కర్లేదు," అన్నాడు. "మళ్ళ చూడాల్నంటే ఎట్ల తీయాల్నో చెప్పు," అన్నాను. అది గట్టిపడితే తీయడం చాలా కష్టమని వాడికీ తెలుసు. నవ్వి ఒక పెన్ను ఇచ్చి పోయాడు.

కొత్తవాళ్ళకు నా లెక్క ఇది: తిన్నటి వేరుకు నీ చెయ్యి దేనికి అలవాటైతే అదే వాడు. లోపల కుండ ఉంటే వేడిది వాడు, కొస దగ్గర నిన్ను నువ్వే అనుమానించు. మళ్ళీ చూడక్కర్లేదని ఎవరన్నా అంటే వెంటనే మళ్ళీ చూడు. ఇవన్నీ నేర్చుకునే ముందు రోగి మాట విను. ఇది నీతి కోసం రాయడం లేదు. ఎందుకు రాస్తున్నానో కింద ఉంది.

రెండు ముక్కలు

సత్తయ్య ఏటేటా మాఘమాసం ముందు వచ్చి చూపించుకునేవాడు. ఎక్స్‌రే ఏటేటా తెల్లగానే ఉండేది. అతని ముందు నేను, నా ముందు అతను ఏటేటా అనుమానంగానే కూర్చునేవాళ్ళం. ఈ లోపల పల్లెలకు కృష్ణ నీళ్ళు నల్లాల్లో వచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా వస్తున్నాయి. ఫ్లోరైడ్ అని రాసి పంపే వీలు డాక్టర్లకు తగ్గిపోతోంది. మంచిదే.

నేను రిటైరైన ఏడాది అతను రాలేదు. ఆ తర్వాత ఎండాకాలంలో ఒకనాడు నల్లగొండలో మా ఇంటికే వెతుక్కుంటూ వచ్చాడు. నోరు తెరవగానే చూశాను, ముందు ఖాళీ.

"ఆలంపూర్ దిక్కు పెండ్లికి పోతాంటే బండి జారి పడ్డ. పెదవి పగిలింది, పన్ను లోపట ఇరిగింది. ఆడున్న డాక్టరు ఉండనియ్య వశం కాదని తీసేసిండు. నా పన్ను నాకియ్యమని అడిగి తెచ్చిన." జేబులోంచి కవరు తీసి, అందులోంచి ఒక కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు సీల్చి సూస్తరు గదా. సూడుండ్రి. నాకు గుడ సూడాలనున్నది."

పొట్లంలోంచి పన్ను తీశాను. రెండు ముక్కలైంది గానీ ముక్కలు విడిపోలేదు. లోపలి రబ్బరు రెండింటినీ పట్టుకుని ఉంది. ఇంటి ముందు గదిలో పాత పనిముట్లు కొన్ని ఉన్నాయి. సన్నటి చక్రంతో పొడుగునా కోసి, భూతద్దం పెట్టి చూశాను. కుండ నిండి ఉంది. గోడ గోడనా, మూల మూలనా. ఒక చోట వెంట్రుక మందం సందు తప్ప ఎక్కడా ఖాళీ లేదు, నలుపు లేదు, వాసన లేదు. నా సర్వీసులో నేను నింపిన పళ్ళన్నిటిలో లోపల ఎట్లా ఉందో నిజంగా తెలిసింది ఈ ఒక్కదాని సంగతే. నిజం చెప్పాలంటే పొంగిపోయాను.

"మంచిగ నిండిందా?" అన్నాడు.

"మంచిగ నిండింది సత్తయ్యా."

"మరి ఏడ ఇరిగింది?"

భూతద్దం ఇచ్చి చూపించాను. విరిగింది కుండ దగ్గర, పెదవి వైపు. అక్కడ గోడ గుడ్డు పెంకంత ఉంది. వెనక వైపు గోడ మందంగా బాగానే ఉంది.

"గీడ గింత పల్చగ ఎప్పుడైంది?"

నేను చెప్పకపోయినా అతనికి తెలుసు. అయినా చెప్పాను. "నువ్వు మొదటిసారి వచ్చి పోయినంక. మళ్ళ వచ్చేదాకా."

అతను భూతద్దం దించాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. "నేను మొదటి దినమే జెప్పిన గదా డాక్టరమ్మా."

"చెప్పినవు."

ఆరేళ్ళు ఊదాడు ఆ పంటితో. ఇక కట్టుడు పన్నే. ఈ ఏడు ఊదుతావా అని అడిగితే, "గాలి జారుతాంది. మా బామ్మర్ది డోలు నేర్పుతా అంటుండు," అని లేచాడు. ఒక సగం తీసుకున్నాడు, ఇంకో సగం బల్ల మీదే వదిలి, "గిది మీ పొరగాండ్లకు సూపియ్యుండ్రి," అని వెళ్ళిపోయాడు.

ఆ సగాన్ని మళ్ళీ పొట్లం కడదామని అతను తెచ్చిన కాగితం విప్పి సాపు చేశాను. నాలుగు మడతల పాత ఓపీ చీటీ అది. మడతల్లో చిరిగినా రాత చెదరలేదు. ఫ్లోరైడ్ మరక, మందు అవసరం లేదు. కింద నా సంతకం.

కావాలనే అందులో చుట్టాడో, కవరులో చేతికందిన కాగితంలో చుట్టాడో, నాకు ఈనాటికీ అనుమానమే.